రైస్ కార్డు నీళ్లపాలైతే: గోదావరి జిల్లాల వాళ్లు మళ్లీ కాపీ తెచ్చుకునే దారి

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, పాతిక లక్షల క్యూసెక్కుల పైన నీరు కిందికి దిగిన రోజుల్లో మా పిన్నిగారి ఇంట్లోకి నడుం లోతు నీరొచ్చింది. మేకల్ని ఏటిగట్టు మీదకి తోలారు. గ్యాస్ బండ, బియ్యం డబ్బా అటకెక్కించారు. మంచం కిందున్న ట్రంకు పెట్టె సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. వరద తీశాక తెరిచి చూస్తే పొలం పాస్ పుస్తకం, బాబాయిగారి మరణ ధ్రువపత్రం, రేషన్ బియ్యం తెచ్చుకునే రైస్ కార్డు మూడూ కలిసి ఒకే ముద్ద. "కార్డు పోయింది, ఇంక బియ్యం ఇవ్వరేమోరా అబ్బాయ్" అని ఆవిడ రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆ నెల బియ్యం మామూలుగానే వచ్చాయి. కాగితం చేతికి రావడానికి మాత్రం నాలుగుసార్లు తిరిగాం. నాలుగింటిలో మూడు వృథా తిరుగుళ్లే. ముందే కొన్ని సంగతులు తెలిసుంటే ఒక్క పూటలో తేలిపోయేది. ఆ తర్వాత మా వీధిలో ఎవరి కార్డు పోయినా, చెదలు తిన్నా నా దగ్గరికే రావడం మొదలైంది. అలా పోగైన అనుభవం ఇది.

ముందు గాభరా తగ్గించుకోండి

రేషన్ డిపోలో బియ్యం కాగితం చూసి తూచరు. డీలర్ దగ్గరున్న ఈపాస్ మిషన్‌లో కార్డు నంబరు కొట్టి, ఇంట్లో ఒకరు వేలిముద్ర వేస్తే కోటా తెర మీదకొస్తుంది. మీ ఇంట్లోవాళ్ల పేర్లు, ఆధార్‌లు, ఏ డిపో కింద ఉన్నారు, ఏ నెల ఎంత తీసుకున్నారు అన్నీ పౌర సరఫరాల శాఖ కంప్యూటర్‌లో ఉన్నాయి. ట్రంకు పెట్టెలో తడిసింది వాటి అచ్చు కాపీ ఒక్కటే. కాబట్టి కార్డు పోయిందని ఈ నెల సరుకులు వదులుకోకండి. 2025 జూన్ నుంచి ఇంటింటికీ సరుకులు తెచ్చే వ్యాన్లు ఆపేసి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15 దాకా, పొద్దున 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8. అరవై అయిదేళ్లు దాటిన వాళ్లకీ, దివ్యాంగులకీ ఇంటికే తెచ్చివ్వాలన్నది నియమం. "కార్డు తెస్తేనే ఇస్తాం" అని ఎవరైనా అంటే "నంబరు చెప్తానండి, ఆధార్ ఉంది, వేలిముద్ర వేస్తాను" అనండి. మర్యాదగా అంటే చాలు, ఎక్కువసార్లు పని జరిగిపోతుంది.

మరి కాగితం ఎందుకంటారా? ఆస్పత్రిలో, కాలేజీలో, బ్యాంకులో, పథకాల దరఖాస్తుల్లో జిరాక్స్ అడుగుతూనే ఉంటారు. కంప్యూటర్‌లో ఉంది చూసుకోమంటే కౌంటర్ దగ్గర కుర్రాడు ఒప్పుకోడు. కాపీ తెచ్చుకోవాల్సింది అందుకే.

పోయింది ఏ కాగితం?

ఇది తేల్చుకోకుండా బయల్దేరడమే నేను చేసిన మొదటి పొరపాటు.

చాలా ఇళ్లలో ఇప్పటికీ మూడు తరాల కార్డులుంటాయి. 2019కి ముందున్న తెల్ల కార్డు, డబ్ల్యూఏపీ అని మొదలయ్యే పొడుగు నంబరుతో. అది పోతే పోనివ్వండి, దాని చోట రైస్ కార్డు వచ్చి ఏళ్లయింది. రెండోది ఊళ్లలో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక ఇచ్చిన రైస్ కార్డు, 28తో మొదలయ్యే పదంకెల నంబరు. మూడోది 2025 ఆగస్టు 25 నుంచి పంచిన స్మార్ట్ కార్డు, ఏటీఎం కార్డంత సైజులో, క్యూఆర్ కోడ్‌తో.

కొందరికి పోయింది అసలు కార్డే కాదు. కొత్త కార్డుకో, పేరు చేర్చడానికో దరఖాస్తు పెట్టి, మంజూరైందని మెసేజ్ వచ్చి, ఆ ఫోన్ పోయినవాళ్లు. లేదా దరఖాస్తు రశీదు పోగొట్టుకున్నవాళ్లు. వీళ్లకి కావాల్సింది మంజూరు కాగితం. దాని దారి కొంచెం వేరు, కిందకి వచ్చాక చెప్తాను.

నంబరు పట్టుకోవడం

కార్డు ఉన్నన్నాళ్లూ నంబరు ఎవరూ చూడరు. పోయాక అదే కావాలి. ఎక్కడెక్కడ దొరుకుతుందంటే:

డిపోలో సరుకులు తీసుకున్నప్పుడు మిషన్‌లోంచి వచ్చే చిన్న చీటీ మీద ఉంటుంది. బియ్యం సంచీ అడుగున, జేబుల్లో, దేవుడి పటం వెనక వెతకండి. ఆ చీటీ అక్షరాలు ఎండకి చెరిగిపోతాయి కాబట్టి దొరగ్గానే ఫొటో తీసుకోండి.

పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు జిరాక్సులు, పింఛను కాగితాలు, గతంలో ఆస్పత్రిలో ఇచ్చిన కట్ట. వీటిలో ఒక్కటైనా ఉండకపోదు. పెళ్లై వెళ్లిన ఆడపిల్ల అత్తారింట్లో కూడా అడగండి. మా పిన్నిగారి కార్డు జిరాక్స్ చివరికి దొరికింది మా చెల్లెలు పాలకొల్లులో దాచుకున్న డిగ్రీ సర్టిఫికెట్ల ఫైల్లోనే.

ఏదీ దొరక్కపోతే డీలర్‌ని అడగండి. ఏళ్ల తరబడి మీకు బియ్యం తూచిన మనిషి, జాబితాలో మీ పేరు వెతికి చెప్తాడు. కాకపోతే నెల మొదటి మూడు రోజులు రద్దీలో వెళ్లి విసిగించకండి. పదో తారీఖు తర్వాత సాయంత్రం పూట వెళ్తే నింపాదిగా మాట్లాడతాడు.

ఫోన్ వాడకం వచ్చినవాళ్లకి మన మిత్ర ఉంది. 95523 00009కి వాట్సాప్‌లో హాయ్ అని పెడితే ప్రభుత్వ సేవల జాబితా వస్తుంది. అందులో పౌర సరఫరాల సేవలు ఎంచుకోండి. కేంద్రం వాళ్ల మేరా రేషన్ యాప్ కూడా పనికొస్తుంది. ఆధార్‌తో, దానికి లింకైన ఫోన్‌కి వచ్చే ఓటీపీతో తెరిస్తే ఇంటి వివరాలు కనిపిస్తాయి. ఒక మెలిక ఉంది. మన రాష్ట్రంలో కొన్ని కార్డులు కేంద్ర ఆహార భద్రతా చట్టం కింద ఉన్నాయి, మిగతావి రాష్ట్రం తన ఖర్చుతో ఇచ్చేవి. రెండో రకం వాళ్లు ఆ యాప్‌లో కనపడకపోవచ్చు. కనపడలేదని కార్డు తీసేశారనుకోకండి.

ఇంటింటికీ ఫోన్ చేసి "మీ కార్డు రద్దవుతోంది, ఓటీపీ చెప్పండి" అనేవాళ్లు వేరే. ఆ ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ప్రింటుకి ముందు లోపల ఏముందో చూడండి

నా రెండో తిరుగుడు ఇక్కడే పోయింది. నంబరు పట్టుకుని సంబరంగా వెళ్లి ప్రింటు తీయించుకొచ్చాం. ఇంటికొచ్చి చూస్తే మూడేళ్ల కిందట పోయిన బాబాయిగారు అందులో ఇంకా బతికే ఉన్నారు. పిన్నిగారు ఆ కాగితం చూసి ఏడ్చారు. నాకేమో మళ్లీ లైనులో నిలబడాలే అని ఏడుపొచ్చింది.

కంప్యూటర్‌లో ఏ తప్పుంటే అదే అచ్చవుతుంది. కాబట్టి ముందు తెర మీద చూడండి. పౌర సరఫరాల వెబ్‌సైట్ ఏపీ ఈపీడీఎస్ పోర్టల్‌లో రైస్ కార్డు నంబరు కొడితే వివరాలొస్తాయి. మీకు చేతకాకపోతే సచివాలయంలోనే "ప్రింటు తర్వాత తీద్దురుగానండి, ముందు తెర ఒకసారి ఇటు తిప్పండి" అని అడగండి.

చూడాల్సినవి ఇవి. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా? గోదావరి జిల్లాల్లో ఇంటిపేర్లు పొడుగు, కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు సగం తెగిపోతాయి. వెంకట సత్యనారాయణమూర్తి ఒకచోట మూర్తి, ఇంకోచోట వి.ఎస్.ఎన్. మూర్తి అయి కూర్చుంటాడు. బియ్యానికి ఇబ్బంది లేదుగానీ ఆస్పత్రిలోనూ కాలేజీలోనూ అక్కడే ఆపుతారు. తర్వాత, ఈకేవైసీ, అంటే వేలిముద్ర వేసి ఆధార్‌తో సరిచూసుకోవడం, అందరికీ అయిందా? అయిదేళ్ల లోపు పిల్లలకి అది అక్కర్లేదు. మిగతా వాళ్లలో ఎవరిదైనా ఆగిపోయి ఉంటే డిపో మిషన్‌లోనే వేలిముద్ర వేసి పూర్తి చేయొచ్చు. ఇంటి పెద్దగా ఎవరున్నారు? ఆహార భద్రతా చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లలో పెద్దావిడ పేరు మీద కార్డు ఉండాలి. ఇప్పటికీ మగవాళ్లు "నా కార్డు" అంటుంటారు, చట్టానికి ఆ సంగతి తెలియదు.

జిల్లా పేరు చూసి మాత్రం తికమక పడకండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. అంతకుముందు అచ్చైన కాగితంలో అమలాపురం మనిషికి తూర్పు గోదావరి అనీ, ఏలూరు మనిషికి పశ్చిమ గోదావరి అనీ ఉంటుంది. ఇప్పుడు తీసే ప్రింటులో కోనసీమ, ఏలూరు, కాకినాడ అని మారి ఉంటే అది తప్పు కాదు.

తప్పులుంటే ముందు వాటికి దరఖాస్తు పెట్టి, మంజూరయ్యాకే ప్రింటు తీయించుకోండి. చనిపోయిన వాళ్ల పేరు తీయడానికి మరణ ధ్రువపత్రం కావాలి. అదీ ముద్దైపోయి ఉంటే పంచాయతీలో దాని నకలు తీసుకోవడం మొదటి పని. మాకు అదే జరిగింది. కార్డు కోసం వెళ్లి ముందు బాబాయిగారి కాగితం తెచ్చుకున్నాం.

చనిపోయిన వాళ్ల పేరు ఉంచేస్తే అయిదు కేజీలు కలిసొస్తాయి కదా అని కొందరి లెక్క. ఈకేవైసీ వచ్చాక ఆ లెక్క చెల్లట్లేదు.

ఏమని అడగాలో ముందే అనుకుని వెళ్లండి

ఈ మొత్తంలో నేను ముఖ్యం అనుకునేది ఇదే. సచివాలయానికి వెళ్లి "కొత్త కార్డు కావాలండి" అనకండి. మన నోట్లో కొత్త కార్డంటే పోయిన దాని బదులు ఇంకోటని. అక్కడి కంప్యూటర్‌లో కొత్త కార్డంటే కొత్త కుటుంబానికి మొదటిసారి పెట్టే దరఖాస్తు. రెంటికీ పొంతన లేదు.

కొత్త దరఖాస్తు పెడితే ఏమవుతుందంటే, మీ ఆధార్‌లు ఇప్పటికే ఒక కార్డులో ఉన్నాయి గనక అది తిరస్కారమవుతుంది. లేదా అర్హత పరిశీలన మొత్తం మొదటినుంచి మొదలవుతుంది. పల్లెలో నెలకి పదివేలు, పట్నంలో పన్నెండువేల లోపు ఆదాయం, మూడెకరాల లోపు మాగాణి లేదా పదెకరాల లోపు మెట్ట, నెలకి 300 యూనిట్ల లోపు కరెంటు, ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి లేకపోవడం, ఆదాయపు పన్ను కట్టకపోవడం, టాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా వేరే నాలుగు చక్రాల బండి లేకపోవడం. ఇవన్నీ మళ్లీ జల్లెడ పడతాయి. కాపీ కోసం వెళ్లి కోరి ఆ జల్లెడలో పడడం ఎందుకు?

అదే జాబితాలో కార్డు విభజన, సభ్యుల చేర్పు, తొలగింపు, కార్డు సరెండర్ అనే సేవలు వరసగా ఉంటాయి. పని ఒత్తిడిలో వేలు ఒక గడి కిందకి జారిందంటే తిప్పలే. రశీదు చేతికి రాగానే సేవ పేరు చదవండి. చదువు రాకపోతే పక్కనున్న కుర్రాడితో చదివించుకోండి. సిగ్గు పడాల్సిన పనేం లేదు.

నేను చెప్పించే మాట ఇది: "కార్డు నడుస్తోందండి, నంబరు ఇదిగో. కాగితం వరదలో పాడైంది. అదే నంబరు మీద కాపీ కావాలి." మూడు ముక్కలు, అంతే.

సచివాలయంలో

డిజిటల్ అసిస్టెంట్‌ని కలవండి. వెంట తీసుకెళ్లాల్సినవి: కార్డు నంబరు, కార్డులో ఉన్న అందరి ఆధార్ జిరాక్సులు, మీ అసలు ఆధార్, ఆధార్‌కి లింకైన ఫోన్, పాడైన కార్డు ముక్క మిగిలుంటే అదీ. ముద్దైనా పర్లేదు, పారేయకండి. ఆధారం అదే. ఇంటి పెద్దగా పేరున్నావిడ వెళ్తే మంచిది. నడవలేని పరిస్థితైతే కార్డులో పేరున్న పెద్దవాళ్లు ఎవరైనా వెళ్లండి. పేరు లేని అల్లుడు వెళ్తే వేలిముద్ర దగ్గర ఆగిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలి? నెల మొదటి రోజు పింఛన్ల పంపిణీలో సిబ్బంది అంతా ఊరు మీద ఉంటారు. సోమవారం అర్జీల హడావిడి. మంగళ, బుధవారాలు పొద్దున పది తర్వాత నాకు కలిసొచ్చాయి. గోదావరి పాయల మధ్యనున్న ఊడిమూడిలంక, బూరుగులంక లాంటి చోట్ల నుంచి వచ్చేవాళ్లకి నీరున్న రోజుల్లో పడవ దాటడమే ఒక పని. బయల్దేరే ముందు సచివాలయంలో మనిషి ఉన్నారా, సర్వర్ నడుస్తోందా అని ఒక్క ఫోన్ చేసి రేవు దగ్గరికి రండి. సర్వర్ లేదనిపించుకుని మళ్లీ పడవెక్కడమంత చిరాకు ఇంకోటి లేదు.

వేలిముద్ర పడకపోవడం మన ప్రాంతంలో చాలామందికి ఉన్న బాధ. కొబ్బరి పీచు పని చేసేవాళ్లు, రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు, వరి నాట్ల కూలీలు, వీళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. చెయ్యి శుభ్రంగా కడిగి, ఆరాక, పది వేళ్లూ ఒక్కోటీ ప్రయత్నించమనండి. ఉంగరపు వేలికి పడ్డవాళ్లని చాలామందిని చూశాను. కనుపాప మిషన్ ఉందేమో అడగండి. లేదంటే ఆధార్ ఓటీపీ. ఫోన్ నంబరు మారిపోయి ఓటీపీ రాకపోతే ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్చుకుని రావాలి, వేరే దారి లేదు.

పని అయ్యాక రశీదు అడిగి తీసుకోండి. అందులో టి అనే అక్షరంతో మొదలయ్యే దరఖాస్తు నంబరు ఉంటుంది. కట్టిన రుసుము కూడా దాని మీదే ఉంటుంది. రశీదు మీద లేని డబ్బు అడిగితే "రశీదులో రాయండి, ఇస్తాను" అనండి.

స్మార్ట్ కార్డు పోయినవాళ్లకి ఒక మాట. అది ఊళ్లో ప్రింటర్‌లో అచ్చేసింది కాదు, పై నుంచి అచ్చై వచ్చింది. సచివాలయంలో తీసే కాగితం వివరాల ప్రింటు మాత్రమే. స్మార్ట్ కార్డే మళ్లీ కావాలంటే నోటి మాట మీద వదిలేయకుండా అర్జీ రాసివ్వండి. నెట్ సెంటర్లలో వంద తీసుకుని ప్లాస్టిక్ కార్డు మీద రంగుల్లో వేసిచ్చేవాళ్లున్నారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. జేబులో పెట్టుకోవడానికి పనికొస్తుంది, ప్రభుత్వం ఇచ్చిన కార్డు మాత్రం అవదు.

అర్జీ ఎలా రాయాలో తెలియక ఆగిపోయేవాళ్ల కోసం మా వీధిలో నేను రాసిచ్చే నమూనా:

*తహసీల్దార్ గారికి, ................ మండలం.*
*అయ్యా/అమ్మా,*
*మాది ................ గ్రామం. మా కుటుంబ రైస్ కార్డు నంబరు ................, డిపో నంబరు ................ . మా కార్డు ................ తేదీన (వరదలో తడిసి పాడైనది / పోయినది). కార్డు ప్రస్తుతం వాడుకలో ఉన్నది. ................ నెల సరుకులు తీసుకున్నాము. సభ్యుల వివరాల్లో మార్పు ఏమీ కోరడం లేదు. అదే నంబరుపై మరొక కాపీ ఇప్పించవలసిందిగా కోరుచున్నాను.*
*జతపరచినవి: సభ్యుల ఆధార్ జిరాక్సులు, డిపో చీటీ, పాడైన కార్డు.*
*ఇట్లు, పేరు, సంతకం లేక వేలిముద్ర, ఫోన్ నంబరు, తేదీ.*

"మార్పు ఏమీ కోరడం లేదు" అన్న వాక్యం మర్చిపోవద్దు. పైన చెప్పిన గందరగోళానికి అదే తాళం. రెండు కాపీలు రాసి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకుని తెచ్చుకోండి.

పోయింది మంజూరు కాగితమైతే

కొత్త కార్డుకో, కోడలి పేరు చేర్చడానికో దరఖాస్తు పెట్టినప్పుడు కాగితం మూడు చేతులు మారుతుంది. సచివాలయంలో నమోదు, వీఆర్వో పరిశీలన, తహసీల్దార్ ఆమోదం. టి నంబరుంటే ఎక్కడుందో సచివాలయంలో ఒక్క నిమిషంలో చెప్తారు. నంబరు పోతే ఆధార్ ఇచ్చి, ఏ నెలలో పెట్టారో చెప్పి వెతికించండి. ఫోన్‌లో పాత మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంటే అందులోనూ ఉంటుంది.

ఆమోదం అయిపోయి ఉంటే మంజూరు కాగితం కోసం వెంపర్లాడక్కర్లేదు. మార్పు చేరిన కార్డు వివరాలు ప్రింటు తీసుకుంటే అదే మంజూరుకి రుజువు. ఇంకా మధ్యలోనే ఉంటే ఏ లాగిన్‌లో ఆగిందో అడిగి తెలుసుకోండి. వీఆర్వో దగ్గరుంటే, ఇంటికొచ్చి ఈకేవైసీ చేయాల్సి ఉంది గనక ఆయన వచ్చే రోజు ఇంట్లో ఉండాలి. కొబ్బరి దింపుకో, రొయ్యల చెరువుకో వెళ్లిపోయి ఇల్లు తాళం వేసుంటే అక్కడే ఆగిపోతుంది. తప్పు వీఆర్వోదే అని తిట్టుకునే ముందు అది చూసుకోండి.

తిరస్కరించారని తేలితే కారణం రాతపూర్వకంగా అడగండి. ఎక్కువగా వినపడేవి కరెంటు యూనిట్లు, కారు, ఆదాయపు పన్ను. ఒకే మీటరు మీద అన్నదమ్ములిద్దరి కాపురాలుంటే యూనిట్లు మూడొందలు దాటడం వింతేం కాదు. పిల్లాడు హైదరాబాద్‌లో ఉద్యోగానికి చేరగానే ఆదాయపు పన్ను రిటర్ను వేయించుకున్నా ఇక్కడ తగులుతుంది.

పని ముందుకి కదలకపోతే

వారం పది రోజులు చూసి అడగడం మొదలెట్టండి. సచివాలయం దాటితే మండలంలో పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దార్ ఉంటారు, సీఎస్‌డీటీ అంటారు. రేషన్ సంగతుల్లో ఊరివాళ్లు ఎమ్మార్వో గారి గది ముందు గంటలు కూర్చుంటారుగానీ, అసలు పని తెలిసిన మనిషి ఈయనే. ఆయన దగ్గర తేలకపోతే తహసీల్దార్. ఆ పైన జిల్లా పౌర సరఫరాల అధికారి, జాయింట్ కలెక్టర్.

సోమవారం అర్జీల కార్యక్రమం ఉంటుంది. కోనసీమ వాళ్లు అమలాపురం, పశ్చిమ వాళ్లు భీమవరం, తూర్పు వాళ్లు రాజమహేంద్రవరం, మిగతా వాళ్లు ఏలూరు, కాకినాడ. కలెక్టరేట్‌దాకా వెళ్లక్కర్లేకుండా మండలంలోనూ తీసుకుంటారు. ఫోన్‌లో చెప్పాలంటే 1100, రేషన్ సంగతులకే అయితే 1967. ఫిర్యాదు నంబరు రాసుకోండి. రాసుకోకపోతే రెండోసారి ఫోన్ చేసినప్పుడు కథంతా మొదటినుంచి చెప్పాలి.

చివరి అస్త్రం సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికైతే రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. "ఫలానా తేదీన నేనిచ్చిన అర్జీ మీద ఇప్పటిదాకా ఏ చర్య తీసుకున్నారు, ప్రస్తుతం ఎవరి దగ్గరుంది" అని రెండు ప్రశ్నలు చాలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. నేను చూసినంతలో జవాబుకి ముందే కార్డు వచ్చేస్తుంది.

యానాం వాళ్లు ఈ దారిలో రావద్దు. నాలుగు వైపులా మన కాకినాడ, కోనసీమ జిల్లాలే ఉన్నా అది పుదుచ్చేరి పాలనలోది. అక్కడి కార్డు అక్కడి పౌర సరఫరాల కార్యాలయంలోనే. ఇటునుంచి అటు కోడలిగా వెళ్లినవాళ్లు ఇక్కడి కార్డులో పేరు తీయించుకుంటేనే అక్కడ చేరుస్తారు.

ఊళ్లో లేనివాళ్లు

మన లంకల్లో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. లేదంటే హైదరాబాద్‌లో. హైదరాబాద్ వాళ్లకి ఇబ్బంది తక్కువ. 2019 ఆగస్టులోనే ఆంధ్ర, తెలంగాణల మధ్య ఎక్కడి కార్డుతోనైనా ఎక్కడైనా తీసుకునే పద్ధతి మొదలైంది. ఇప్పుడు దేశమంతా ఉంది. కేంద్ర చట్టం కింద ఉన్న కార్డైతే అక్కడి డిపోలోనే నంబరు చెప్పి వేలిముద్ర వేయొచ్చు. కాపీ కోసం మాత్రం సొంత ఊరి సచివాలయమే. సంక్రాంతికి వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకుంటే, కోడిపందేల వారంలో ఆఫీసులో ఎవరు దొరుకుతారో మీకే తెలుసు.

గల్ఫ్‌లో ఉన్న ఆడపిల్లల పేర్లు ఈకేవైసీ కాక ఆగిపోతుంటాయి. ఆ ఒక్క పేరు ఆగినా మిగతా వాళ్ల కాపీ తీసుకోవడానికి అడ్డేం లేదు. సెలవు మీద వచ్చిన మొదటి వారంలోనే ఆ పిల్లని డిపోకి తీసుకెళ్లి వేలిముద్ర వేయించండి. చుట్టాల ఇళ్లు తర్వాత.

చేతికొచ్చాక

కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. నంబరులో పది అంకెలు, పేర్లు, డిపో. తప్పుంటే అప్పటికప్పుడే చెప్పాలి. ఇంటికొచ్చి నాలుగు జిరాక్సులు తీసి, అసలుది బయటికి తీయడం మానేయండి. ఫోన్‌లో ఫొటో తీసి ఊరి బయట ఉన్న పిల్లలకి పంపండి. వరదొచ్చినా ఆ ఫోన్‌లో ఉంటుంది.

లంకల్లో ఉండేవాళ్లు గోదావరి ఎర్రబడగానే కాగితాలన్నీ ఒకే ప్లాస్టిక్ సంచీలో వేసి, మూతి బిగించి, అటక మీదకి ఎక్కించండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వినగానే కాగితాలు, రెండోది వినగానే మనుషులు. మూడో దాకా ఆగకూడదు. తడిసిన కాగితాన్ని ఎండలో పెట్టకండి, ముడుచుకుపోయి విరుగుతుంది. నీడలో పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెడితే అక్షరాలు చదవగలిగేలా మిగులుతుంది. నంబరు కనపడితే చాలు కదా.

మా పిన్నిగారు జిరాక్సులనీ ఫొటోలనీ నమ్మరు. కాపీ చేతికొచ్చిన రోజు సాయంత్రం నన్ను నిచ్చెన ఎక్కించి, అటక పైన దూలం మీద ఆ పది అంకెల్నీ నల్ల రంగుతో రాయించారు. అక్కడిదాకా నీరొస్తే ఎలా అన్నాను. "అక్కడిదాకా వస్తే బియ్యం ఎవడికి కావాలిరా, పడవ కావాలి" అన్నారు.